మాట మధ్యలో ఆగిపోయిన పెట్టెలు

మా బాబాయిని ఆసుపత్రిలో అందరూ జీరో గారు అనేవారు. అందులో వెక్కిరింత ఏమీ లేదు. ఆ పెద్దాసుపత్రిలో ఏ గదిలో ఫోనెత్తి సున్నా నొక్కినా పలికేది ఆయనే. ఇరవై ఆరేళ్లు ఒకే కుర్చీలో కూర్చుని, నాలుగు వందల పైచిలుకు ఎక్స్‌టెన్షన్ నంబర్లు కంఠతా పట్టి, ఎవరికి ఎవరు కావాలో వాళ్లను కలిపాడు. ఫోనెత్తి ఇంకా నోరు తెరవకముందే, ఊపిరి పీల్చిన తీరును బట్టి ఫలానా డాక్టరని పోల్చేసేవాడట. ఆయనకు చూపు లేదు. పదకొండో ఏట జ్వరంలో పోయింది. అంతకుముందు చూసిన రంగులు గుర్తున్నాయని, అయితే అవి కూడా ఉతికి ఉతికి వెలిసిన బట్టల్లా అయిపోతున్నాయని నా చిన్నప్పుడు చెప్పేవాడు.

పిన్నిది అదే ఆసుపత్రిలో కుట్టు గది. చిరిగిన దుప్పట్లకు అతుకులు, దిండు గలీబులు, ఆపరేషన్ గదిలో వేసుకునే పొడుగు చొక్కాలు, అన్నీ ఆమె మిషన్ మీదే. ఏదైనా వార్డుతో మాట్లాడాలంటే ఆమె కూడా సున్నా నొక్కాల్సిందే. ఒకరోజు ఆమె అడిగిన వార్డు కలిపే ముందు బాబాయి, "మీకు జలుబు చేసింది, వేణ్ణీళ్లు తాగండి" అన్నాడు. మర్నాడు మళ్లీ చేసి, "తాగాను, తగ్గింది" అని పెట్టేసింది పిన్ని. అలా రెండేళ్లు నడిచింది. అందరూ తొలిచూపు అంటారు గానీ మాది తొలి రింగు అని పిన్ని ఇప్పటికీ అంటుంది.

తరవాత ఆసుపత్రికి మెషిన్ వచ్చింది. ఫలానా విభాగం కోసం ఒకటి నొక్కండి, ఫలానా దానికి రెండు నొక్కండి అని అదే చెప్పేస్తుంది. బాబాయిని తీసెయ్యలేదు, రికార్డుల గదికి మార్చారు. అక్కడ కుర్చీ ఉంది, బల్ల ఉంది, పని లేదు. ఖాళీగా కూర్చోవడం ఆయన వంటికి పడదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రామ్ ఒకటి సంపాదించి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, పట్టువదలకుండా కంప్యూటర్ నేర్చుకున్నాడు. ఆ గొంతును ఎంత వేగంగా పెట్టుకునేవాడంటే, పక్కనున్న మనకు పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టు తప్ప మరేమీ వినపడేది కాదు. ఆయనకు మాత్రం ప్రతి మాటా అందేది.

రిటైరయ్యాక వినే పుస్తకాల గ్రంథాలయంలో చేరాడు. సైకిల్ షాపు పైన రెండు గదులు. చూపు లేనివాళ్ల కోసం ఎవరెవరో వచ్చి పుస్తకాలు చదివి రికార్డు చేసి వెళ్తుంటారు. వాటిని సర్దిపెట్టే పని బాబాయిది. అక్కడికొచ్చే సభ్యుల్లో ఎక్కువమంది పెద్దవయసులో చూపు పోయినవాళ్లు. వాళ్లకు ఫోన్‌లో పుస్తకం వినడం చేతకావడం లేదు. "అద్దం మీద వేలు రాస్తే ఎక్కడ ఏముందో ఎలా తెలుస్తుందమ్మా? గోడ తడిమినట్టే ఉంటుంది" అనేవాడు బాబాయి నాతో. నేను ఆయన అన్న కూతుర్ని. ఆదివారాలు వాళ్లింటికి వెళ్లడం నాకు అలవాటు.

అప్పుడే ఆయనకు పెట్టె ఆలోచన వచ్చింది. చేతిలో పట్టేంత చెక్కపెట్టె. పైన నాలుగు మీటలు: ఒకటి గుండ్రం, ఒకటి చదరం, ఒకటి పొడుగు, ఒకదానికి మధ్యలో గాడి. గుండ్రం నొక్కితే పుస్తకం మొదలు, చదరం నొక్కితే ఆగడం, మిగతా రెండూ ముందుకీ వెనక్కీ. అంతే, ఇంకేమీ ఉండకూడదు. లోపల చిన్న కంప్యూటర్ బోర్డు. అంటే మొత్తం కంప్యూటర్ అరచేతిలో ఇమిడే ఒక్క పలక మీదే ఉంటుంది. మూసేసిన ఒక ప్రదర్శనశాల వాళ్లు అలాంటివి పన్నెండు గ్రంథాలయానికి ఇచ్చారు. వాడి వాడి వాటిలో మెమరీ కార్డు పెట్టే గాడులు అరిగిపోయాయి. అందుకని ఆపరేటింగ్ సిస్టమ్, పుస్తకాలు, అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని వెనకాల గుచ్చి, అక్కడి నుంచే బోర్డు మేలుకునేలా చెయ్యాలని ఆయన పథకం.

పెన్‌డ్రైవ్ తయారు చెయ్యడం బాబాయికి కష్టం కాదు. ఆయన కంప్యూటర్ మాట్లాడుతుంది కాబట్టి అడుగడుగూ చెబుతుంది. చిక్కంతా ఆ తరవాత. బోర్డుకు కరెంటిచ్చిన క్షణం నుంచి అది పూర్తిగా మేలుకుని గొంతు విప్పేదాకా నలభై సెకన్లు పడుతుంది. ఆ నలభై సెకన్లూ నిశ్శబ్దం. లోపల ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు ఉండరు. తెర తగిలిస్తే దాని మీద అక్షరాలు పరిగెడతాయి గానీ, వాటిని వినిపించే ప్రోగ్రామ్ ఇంకా నిద్రలోనే ఉంటుంది. అక్కడ పిన్ని కళ్లు కావలసి వచ్చాయి.

పిన్నికి ఇంగ్లిష్ అక్షరాలు వచ్చు, మాటలు రావు. మొదటి రోజు ఇంట్లో పెట్టుకున్న కుట్టు మిషన్ ముందునుంచి లేచొచ్చి తెర ముందు కూర్చుంది.

"ఏం కనపడుతోంది?" అన్నాడు బాబాయి.

"పచ్చగా ఏదో వచ్చింది. బాగానే ఉన్నట్టుంది. కింద ఇంకోటి వచ్చింది, అది కూడా మంచిదే అనిపిస్తోంది. ఇప్పుడు కాస్త ఆలోచిస్తున్నట్టుంది పాపం."

"నీకు అనిపించింది నాకొద్దు. అక్కడ ఏ అక్షరాలున్నాయో అవి చదువు. అక్షరాలు తప్ప ఇంకేమీ చెప్పకు."

పిన్ని మాట పడే మనిషి కాదు. కానీ పని దగ్గర మాత్రం చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ముప్పై ఏళ్లు కొలతల ప్రకారం కుట్టిన చెయ్యి. ఆ రోజు నుంచి కచ్చితంగా అక్షరాలే చదివింది.

మొదటి పెట్టె రెండో రోజుకే పలికింది. "సిద్ధంగా ఉన్నాను" అని అది తొలి మాట చెప్పగానే బాబాయి కుర్చీలోంచి లేచి, మళ్లీ ఏం చెయ్యాలో తోచక కూర్చున్నాడట. బోర్డును తన ఫోన్ చార్జర్‌కే, దానితో వచ్చిన పొట్టి వైరుతోనే తగిలించాడు. గ్రంథాలయం వాళ్లు విని సంబరపడి మిగతా పదకొండూ కానివ్వమన్నారు.

ఇక్కడే బాబాయి ఒకేసారి రెండు మార్చాడు. ఒకటి, కొత్త పెన్‌డ్రైవ్‌లు తెప్పించాడు. రెండోది, ముసలివాళ్ల మంచం ఒక మూల, కరెంటు ప్లగ్గు ఇంకో మూల ఉంటుందని, పెట్టె దాకా వచ్చేలా మూడేసి మీటర్ల పొడుగు వైర్లు తెచ్చాడు. వాటిని తనే చుట్టలు చుట్టి, ముడులు వేసి, పెట్టె వెనక కొక్కేనికి తగిలించాడు. ఎంత కుదురుగా కట్టాడంటే పిన్ని కూడా మెచ్చుకుంది.

రెండో పెట్టెకు కరెంటిచ్చారు. నలభై సెకన్లు గడిచాయి. "సి" అంది పెట్టె. అంతే. మళ్లీ నిశ్శబ్దం. ఇంకో నలభై సెకన్ల తరవాత మళ్లీ "సి".

"ఏబీసీడీలు చెబుతోందా?" అంది పిన్ని.

మూడోది అసలు అంతదాకా రాలేదు. సగంలో ఆగిపోయింది. పిన్ని తెర మీదికి వంగి, ఒక్కో అక్షరం మీద వేలుపెట్టి చదివింది. కె, ఇ, ఆర్, ఎన్, ఇ, ఎల్. తరవాత పి, ఎ, ఎన్, ఐ, సి.

"పానిక్" అన్నాడు బాబాయి. "కంగారు పడిందట. పెన్‌డ్రైవ్ కనపడటం లేదంటుంది ఇప్పుడు, చూడు."

"ఇందాకటిదాకా దాన్నుంచే కదా చదువుకుంది? గుచ్చింది గుచ్చినట్టే ఉంది."

"అదే నాకూ అర్థం కావడం లేదు."

పెన్‌డ్రైవ్‌లే నాసిరకమని ఆయన తేల్చేశాడు. ఒక్కొక్కటీ తుడిచి మళ్లీ ఎక్కించాడు. ఎక్కించింది అసలుతో సరిపోయిందో లేదో కంప్యూటర్ చేత అరవై నాలుగు అక్షరాల గుర్తు చెప్పించుకుని సరిచూశాడు. సరిపోయింది. నీలం రంధ్రంలోంచి తీసి నల్ల రంధ్రంలో పెట్టమన్నాడు, పిన్ని పెట్టింది. పెన్‌డ్రైవ్ నెమ్మదిగా లేస్తుందేమోనని బోర్డును కొంతసేపు ఎదురుచూసేలా మార్చాడు. బోర్డు మీది పచ్చదీపం ఎన్నిసార్లు మినుకుమంటోందో లెక్కపెట్టమన్నాడు. ఆ మినుకుల లెక్కను బట్టి ఏ ఫైలు దొరకలేదో తెలుస్తుందట. పిన్ని లెక్కపెట్టింది. ఏ రెండుసార్లూ ఒకే లెక్క రాలేదు. ఒకసారి పెట్టె మొత్తం మేలుకుని "సి" అనేది, ఇంకోసారి అదే పెట్టె సగంలోనే మూగబోయేది. తప్పు ఒక్కచోటే జరిగితే పట్టుకోవచ్చు గానీ, రోజుకో చోట జరిగే తప్పును ఏం పట్టుకుంటామని బాబాయి తల పట్టుకున్నాడు.

ఇలా మూడు వారాలు. మధ్యాహ్నం భోజనాలవగానే ఇద్దరూ ఆ బల్ల ముందు కూర్చునేవారు. పిన్ని కుట్టాల్సిన దిండు గలీబులు మిషన్ పక్కన కుప్ప పడ్డాయి. ఆమె చదవడం, ఆయన వినడం, మళ్లీ మొదటికి రావడం. మూడో వారం చివర్లో ఆమె ఒక వరుసలో ఒక అక్షరం వదిలేసింది. బాబాయి విసుక్కున్నాడు. "కళ్లుండి కూడా చదవలేకపోతే ఎలా?" అన్నాడు.

పిన్ని లేచి వెళ్లి మిషన్ ముందు కూర్చుని గలీబులు కుట్టడం మొదలుపెట్టింది. ఆ మిషన్ ఆ సాయంత్రం మామూలు కన్నా గట్టిగా మోగిందని బాబాయే తరవాత నాతో ఒప్పుకున్నాడు.

మర్నాడు ఆదివారం. నేను వెళ్లేసరికి ఇల్లు బిగుసుకుని ఉంది. బాబాయి బల్ల ముందు పెట్టెలు తడుముతూ కూర్చున్నాడు. పిన్ని నన్ను వంటగదిలోకి పిలిచి, కూర తరుగుతూ మూడు వారాల గోడు చెప్పుకొచ్చింది. కోపంగా కాదు, ఎవరి ఇంట్లోనో జబ్బు మనిషి గురించి చెప్పినట్టు చెప్పింది.

"పాపం అది కూడా ప్రయత్నిస్తుందే. అక్షరాలు చీమల బారులా గబగబా దిగుతాయి. బాగానే వస్తోందనుకుంటాను. ఇంతలో మూలన ఆ పసుపు మెరుపు వస్తుంది. రెండుసార్లు వచ్చి పోతుంది. ఆ వెంటనే గుటుక్కుమంటుంది. నాకైతే దాన్ని చూస్తే జాలేస్తుంది."

పక్కగదిలో కుర్చీ కిర్రుమంది. బాబాయి గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు.

"ఏ మెరుపు?" అన్నాడు.

"అదేనండీ, తెర మీద పై మూలన. వానాకాలం మెరుపు బొమ్మ గీస్తారు చూడండి, వంకరగా, అలాంటిది. పసుపు రంగు."

"ఎప్పట్నుంచి వస్తోంది?"

"రెండో పెట్టె దగ్గర్నుంచి."

"మూడు వారాల్నుంచా? నాకు చెప్పలేదేం?"

"అక్షరాలు తప్ప ఇంకేమీ చెప్పొద్దన్నారు కదా. అది అక్షరం కాదుగా" అంది పిన్ని, కత్తిపీట మీంచి తల ఎత్తకుండా.

బాబాయి అలాగే నిలబడిపోయాడు. ఆయన మొహం నేను చూస్తూనే ఉన్నాను. పెదవులు కదిపి తనలో తనే లెక్క వేసుకున్నాడు. ఆ తరవాత గుమ్మానికి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఎంతసేపు నవ్వాడంటే పిన్నికి కూడా నవ్వాగలేదు. నాకు మాత్రం ఏమీ అర్థం కాలేదు.

"కరెంటు చాలడం లేదని చెబుతోందమ్మా అది" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఆకలి, ఆకలి అని మూడు వారాలుగా మొత్తుకుంటోంది. పెన్‌డ్రైవ్‌కి కూడా బోర్డే కరెంటు పెట్టాలి. తనకే చాలకపోతే దానికేం పెడుతుంది? వదిలేస్తుంది. వదిలేశాక ఇక చదివేదేముంది, కంగారు పడక. ఒకవేళ అంతా చదివి గట్టెక్కిందనుకో, మాట్లాడబోతే స్పీకర్ మిగిలిన కాస్తా లాగేసుకుంటుంది. అందుకే 'సి' అని ఆగిపోతోంది."

కొక్కేనికి వేలాడుతున్న పొడుగు వైరు తీశాడు. తన ఫోన్ చార్జర్ పొట్టి వైరు ఇంకో చేతిలోకి తీసుకున్నాడు. రెండింటినీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, పొడుగుదాన్ని పిన్ని చేతిలో పెట్టాడు.

పిన్ని గోటితో నొక్కి చూసింది. "ఇది సన్నం కదండీ. అరవై నంబరు దారంతో పరుపు కుట్టినట్టుంది. పైగా మూడు మీటర్లు."

"నేనే ఏరి తెచ్చాను" అన్నాడు బాబాయి. "నేనే ముడులు కూడా వేశాను."

రెండో పెట్టెకు పొట్టి వైరు తగిలించారు. పిన్ని తెర ముందు కూర్చుంది. నేను గడియారం చూస్తున్నాను. ముప్పై ఎనిమిదో సెకనులో పెట్టె "సిద్ధంగా ఉన్నాను" అంది, మొత్తంగా, ఎక్కడా తెగకుండా. "మెరుపు?" అన్నాడు బాబాయి. "రాలేదు" అంది పిన్ని. నమ్మకం కుదరక మళ్లీ పొడుగు వైరు పెట్టించాడు. "సి" అంది. పొట్టిది పెట్టించాడు. మొత్తం చెప్పింది. అప్పటికి ఆయనకు తృప్తి కలిగింది. పెన్‌డ్రైవ్‌ల తప్పు ఏమీ లేదు, వాటిని ఊరికే అన్ని తిట్లు తిట్టాడు.

పిన్ని లేచి మిషన్ దగ్గరికి వెళ్లి ఆగిన గలీబు అందుకుంది. బాబాయి వెనకే వెళ్లి, "నిన్న నేనన్నది తప్పు" అన్నాడు.

"ఏంటండీ? మిషన్ చప్పుడులో వినపడలేదు."

మిషన్ ఇంకా మొదలే పెట్టలేదు. బాబాయికి ఆ సంగతి మనందరికన్నా బాగా తెలుసు. అయినా ఇంకోసారి, కొంచెం గట్టిగా చెప్పాడు.

వైరు పొట్టిదైతే మంచం దాకా ఎలా వస్తుందన్న చిక్కు మిగిలింది. దానికి దారి చూపించింది కూడా పిన్నే. "గోడ ప్లగ్గు నుంచి వచ్చే లావు వైరు ఉంటుందే, ఇస్త్రీపెట్టెకి వాడతామే, అది పొడుగ్గా పెట్టి, చార్జర్‌ని దాని చివర గుచ్చండి. ఈ సన్నదాన్ని జానెడే ఉండనివ్వండి" అంది. బాబాయి ఒక్క నిమిషం ఆలోచించి, "అది నాకెందుకు తట్టలేదు?" అన్నాడు. ఆ ప్రశ్నకు పిన్ని జవాబు చెప్పలేదు గానీ, చెప్పకుండా ఉండటానికి ఆమె ఎంత కష్టపడిందో నేను చూశాను.

పది రోజుల్లో, మొదటిదానితో కలిపి పదకొండు పెట్టెలు పలికాయి. పన్నెండో బోర్డు ఉలకలేదు, పలకలేదు. అది పాతకాలపుది. పెన్‌డ్రైవ్ నుంచి మేలుకోవడం దానికి ఒకసారి మెమరీ కార్డు ద్వారా నేర్పాలి. దాని కార్డు గాడి పూర్తిగా విరిగిపోయింది. బాబాయి దాన్ని పారెయ్యడానికి ఒప్పుకోలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ తీసి తడిమి, మళ్లీ లోపల పెడతాడు.

మొదటి పెట్టెను వాళ్లిద్దరూ కలిసి ఒక గడియారాల మెకానిక్ గారింటికి తీసుకెళ్లారు. మూడో అంతస్తు. చూపు పోయి నాలుగేళ్లయింది ఆయనకు. పెట్టె చేతికివ్వగానే పుస్తకం సంగతి అడగకుండా అడుగు నుంచి పైదాకా తడిమి, "ఈ మూల మర వదులైంది" అన్నాడట. కోడలి చేత సన్న స్క్రూడ్రైవర్ తెప్పించుకుని తనే బిగించాకే గుండ్రం మీట నొక్కాడు. రెండు రోజులకు ఫోన్ చేసి, నవల అయిపోయిందని, చదివిన ఆవిడ మరీ నెమ్మదిగా చదివిందని ఫిర్యాదు చేశాడు. బాబాయి ఆ ఫిర్యాదును వారం రోజులు అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

ఏడాది తరవాత బాబాయికి హెర్నియా ఆపరేషన్ అయి అయిదు రోజులు మంచం మీదున్నాడు. అదే సమయంలో ఒక పెట్టె పాడై ఇంటికొచ్చింది. పిన్ని ఎవరికీ చెప్పకుండా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆవాలు చిటపటలాడే ఆ గొంతు ఆపెయ్యడానికే అరగంట పట్టింది. తరవాత అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పెన్‌డ్రైవ్ తయారుచేసి, గుచ్చి, పలికించింది. అయితే ఈ హడావిడిలో అంతకుముందు ఇంకో పెన్‌డ్రైవ్‌ను తుడిచిపారేసింది. అందులో ఒకాయన రెండు నెలలు కూర్చుని చదివిన పుస్తకం సగం ఉంది. భయపడుతూ వచ్చి మంచం పక్కన నిలబడి చెప్పింది.

"నేనూ ఒకసారి చేశాను ఆ పని" అన్నాడు బాబాయి. "ఎవరికీ చెప్పలేదు, అంతే తేడా."

పిన్నే ఆ చదివినాయన ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకుంది. ఆయన మంచివాడు. రెండోసారి ఇంకా బాగా చదువుతానని మళ్లీ మొదలుపెట్టాడు.

తరవాత గ్రంథాలయం వాళ్లు కొత్త బోర్డులు కొనిచ్చారు, ఇప్పుడు ఇలాంటి పెట్టెలు ముప్పై దాటాయి. మొన్నటి నెలలో వేరే ఊరి గ్రంథాలయం వాళ్లు ఫోన్ చేసి, వచ్చి తమవాళ్లకు నేర్పమని అడిగారు. వాళ్లు పిలిచింది బాబాయిని. ఇద్దరం వస్తాం, ఒక్కణ్ణి వస్తే సగమే నేర్పగలను అన్నాడాయన. నడుముకు ఆనుడు ఉన్న కుర్చీ కావాలని పిన్ని షరతు పెట్టింది. నాలుగు రోజులుండి వచ్చారు. అక్కడ నేర్చుకోవడానికి ఆరుగురు వచ్చారట. బాబాయి పెన్‌డ్రైవ్ ఎక్కించడం చెబితే, తెర మీద ఏమేం వస్తాయో, ఏది వస్తే బెదరాలో, ఏది వస్తే బెదరక్కర్లేదో పిన్ని చెప్పింది.

వాళ్లను స్టేషన్ నుంచి తీసుకురావడానికి నేనే వెళ్లాను. సంచులు అందుకుంటూ ఎలా జరిగిందని అడిగాను.

"నేను చెబుతుంటే నోట్సు రాసుకున్నారు వాళ్లు" అంది పిన్ని. "ఈయన చెబుతుంటే ఒక్కరూ రాసుకోలేదు."

"నేను చెప్పింది గుర్తుండేలా చెప్పాను. రాసుకునే అవసరం లేకపోయింది" అన్నాడు బాబాయి, ఆమె భుజం మీద చెయ్యేసి మెట్లు దిగుతూ.

ఈ విషయంలో ఇద్దరికీ ఇంకా రాజీ కుదరలేదు.